‘రకం మారింది’ – ఎవరు మార్చారు?

తిరుమలగిరి: ధాన్యం సీజనులో ఇక్కడి యార్డులో అందరి నోటా నలిగే మాట ‘మారింది’. ధర మారిందంటే ఎవరికీ అభ్యంతరం లేదు. అది బేరం సంగతి. రకం మారిందన్నప్పుడే తగవు. రాశి అదే, గింజ అదే, తూకం అదే. చిట్టాలో గడి మాత్రం మారుతుంది, దాంతో రొక్కమూ మారుతుంది.

ఎంత మారుతుంది? 2025-26కు మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు రూ. 2,369, ‘ఏ’ గ్రేడుకు రూ. 2,389. నూరు క్వింటాళ్ల మీద తేడా రెండు వేలు. ఈ మాత్రానికి పేచీ ఎందుకని సర్దుకునేవారు లేకపోలేదు. అయితే 2024 వానాకాలం పంటకు రాష్ట్ర ప్రభుత్వం సన్న రకాలకు క్వింటాలుకు రూ. 500 బోనస్ ప్రకటించడంతో లెక్క తారుమారైంది. అవే నూరు క్వింటాళ్లు సన్నాల గడి నుండి దొడ్డు గడిలోకి జారితే యాభై వేలు పోయినట్టే. బోనస్ కొనుగోలు కేంద్రాల్లో అమ్మినవారికే గనుక, సన్నాలకు పాట పాడే ఖరీదుదారు కూడా ఆ 500 మనసులో పెట్టుకునే పాడవలసి వస్తుంది.

చిక్కేమిటంటే రెండు చోట్లా కొలబద్ద ఒకటి కాదు. కేంద్రం లెక్కలో బియ్యపు గింజ పొడవును వెడల్పుతో భాగిస్తే 2.5, ఆపైన రావాలి. అప్పుడది ‘ఏ’ గ్రేడు. బోనస్‌కు పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. మన వర్తకులకు సుపరిచితమైన 1010 రకం అసలు పేరు కాటన్‌దొర సన్నాలు. పేరులో సన్నం ఉంది, గింజ పొడవుగా, నాజూకుగా ఉంటుంది, ‘ఏ’ గ్రేడుకు తూగుతుంది. బోనస్ దగ్గర మాత్రం ఆ పొడవే అడ్డు. అది దొడ్డు కిందే లెక్క. ఇక్కడ గింజ ఏమీ మారలేదు, కొలిచే చోటు మారింది.

కల్తీ సంగతి వేరు. ‘ఏ’ గ్రేడు రాశిలో తక్కువ రకం గింజ 6 శాతం వరకే చెల్లుతుంది. అది దాటితే గ్రేడు నిలవదు. కళ్లంలోనో, లారీలోనో కలిసిన గింజను మళ్లీ ఏరడం ఎవరి వల్లా కాదు.

ఇక మాట సంగతి. తెలుగులో ‘మారు’ వేరు, ‘మార్చు’ వేరు. ‘మార్చారు’ అంటే ఎవరు, ఎందుకు అన్న ప్రశ్న వస్తుంది. ‘మారింది’ అంటే రాదు, అందుకే అడ్తి దుకాణంలో ఆ మాటకు అంత గిరాకీ! తిరుమలగిరి 2016 అక్టోబరు 11న నల్గొండ జిల్లా నుండి సూర్యాపేట జిల్లాకు మారింది, 2018లో పంచాయతీ నుండి మునిసిపాలిటీగా మారింది. రెంటికీ ఉత్తర్వులున్నాయి, ఎవరు మార్చారో కాగితం చెబుతుంది. రాశి గడి మారినప్పుడు కూడా తక్‌పట్టీ మీద కారణం, కొలత, సంతకం ఉంటే అడ్తిదారుకూ అమ్మినవారికీ సగం తగవు తగ్గుతుంది. శాంపిలు పొట్లం కట్టి ఉంచుకుంటే మరీ మంచిది.

తేమ 17 శాతం దాటిన రాశిని కూడా కొందరు ‘మారింది’ అనే అంటున్నారు. ఇది సరికాదు. అది మారలేదు, ఆరలేదు. ఎండ బాగా కాస్తే తిరిగి పాత గడిలోకే వస్తుంది.