చెవులున్న డ్రోను

రాత్రివేళ బండి తోలుకొని రోడ్డున పోతున్నామనుకోండి. వెనకనుంచి లారీ చప్పుడు వినబడగానే, తిరిగి చూడకుండానే ఎడ్లను పక్కకు మళ్ళిస్తాం. కళ్ళు ముందుకే చూస్తవి, చెవులు మాత్రం నాలుగు దిక్కులా కాపలా కాస్తవి. ఈ చిన్న సంగతే ఇవాళ ఆకాశంలోనూ పనికివస్తున్నది. అదెట్లాగో చెప్పుకుందాం.

మన చేలల్లో మందు చల్లే డ్రోను, నడిపేవారి కళ్ళెదుటే తిరుగుతుంది. కాని కొన్ని దేశాలలో డ్రోనులు కంటికి కనబడనంత దూరం తమంతట తామే పోతున్నవి. జిప్‌లైన్ అనే అమెరికా కంపెనీ 2016లో ఆఫ్రికాలోని రువాండాలో ఆసుపత్రులకు రక్తాన్ని ఈ విధంగా చేరవేయడం మొదలుపెట్టింది. మరి దారిలో మనుషులున్న విమానం ఎదురైతే? ఢీకొంటే పోయేది యంత్రం ఒక్కటే కాదు గదా! అమెరికాలో పైరుకు మందు చల్లే చిన్న విమానాలు చేలకు చాలా దగ్గరగా ఎగురుతవి. తామెక్కడున్నదీ రేడియో ద్వారా చాటే పరికరం అన్ని విమానాలకూ ఉండదు. రాడారు పెడదామంటే బరువు. కెమెరాకు మంచులో చూపానదు.

అందుకని ఆ కంపెనీ డ్రోనుకు చిన్న చిన్న మైకులు అమర్చి, ఆ పద్ధతిని 2022లో ప్రకటించింది. అన్ని వైపులనుంచీ విమానం చప్పుడు పట్టగలదని చెప్పింది.

దిక్కు ఎట్లా తెలుస్తుంది? చప్పుడు సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. రెండు మైకుల మధ్య మీటరు ఎడం ఉంటే, ఒకదానికి ముందు, రెండోదానికి సెకండులో వెయ్యోవంతులు మూడు ఆలస్యంగా చేరవచ్చు. ఆ తేడానుబట్టి డ్రోనులోని కంప్యూటరు దిక్కు లెక్కకడుతుంది. తన రెక్కల రొదనూ గాలి హోరునూ తీసివేసి, ఇంజను చప్పుడును మాత్రమే ఏరుకుంటుంది. మనం జల్లెడపట్టినట్లే అన్నమాట.

ఇందులో చిక్కు లేకపోలేదు. మూడు కిలోమీటర్లనుంచి చప్పుడు రావడానికి ఎనిమిది, తొమ్మిది సెకండ్లు పడుతుంది. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం ఈలోగా అర కిలోమీటరు దగ్గరకు వచ్చేస్తుంది. డ్రోనూ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఎదురు పోతుంటే, మిగిలే వ్యవధి అర నిమిషమే. అందుచేత వినగానే తప్పుకోవలసిందే. పైగా ఇంజను లేని గ్లైడరు చెవికి చిక్కడం కష్టం.

2023లో అమెరికా విమానయాన శాఖ, నేలమీద కాపలా మనిషి లేకుండా డ్రోనులు నడపడానికి ఈ కంపెనీకి అనుమతి ఇచ్చింది.

ఇక మన సంగతి. మన దేశపు 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం కూడా, మనుషులున్న విమానానికే ముందు దారి. మొన్న ఒక ఊళ్ళో డ్రోను నడిపే కుర్రవాడు చెవుల్లో పాటలు పెట్టుకొని కనబడ్డాడు. మన డ్రోనుకు చెవులు లేవు, దాని చెవులు మనమే. హెలికాప్టరు చప్పుడు వినబడితే వెంటనే డ్రోనును దించండి. మిగిలిన మడి పది నిమిషాల తర్వాత తడపవచ్చు.