ఆ తల్లిని నిందించకండి

విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక ఇంటి నుండి ఫజర్ నమాజు వేళ కబురు వచ్చింది. ఎనిమిదో నెలలో బిడ్డ చనిపోయి పుట్టాడు. "మౌలానా సాబ్, జనాజా నమాజు ఉంటుందా?" అని తాతగారు అడిగారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం, పుట్టాక ప్రాణచిహ్నమేదీ కనిపించని శిశువుకు జనాజా నమాజు లేదు. అయితే స్నానం చేయించి, శుభ్రమైన వస్త్రంలో చుట్టి, పేరు పెట్టి ఖననం చేయాలి. అలాగే చేశాం.

నాలుగు రోజుల తరువాత పరామర్శకు వెళ్తే, పరదా చాటు నుండి ఆ తల్లి అడిగింది: "నడుము నొప్పికని వేసుకొన్న మాత్ర వల్లనేనా?" అత్తగారు అప్పటికే అవునని తేల్చివేశారు.

నేను వైద్యుణ్ణి కాను. కుటుంబం అనుమతితో ఆమెను చూసిన వైద్యురాలిని అడిగాను. అసలు కారణం అధిక రక్తపోటు అన్నారామె. బి.పి. అదుపు తప్పితే మాయకు రక్తం సరిగా అందదు. బిడ్డ ఎదుగుదల ఆగిపోతుంది, ఒక్కోసారి మాయ ముందే విడిపోతుంది. ఆమెకు బి.పి. మాత్రలు రాసే ఉన్నారు. "మాత్రలు వేడి చేస్తాయి, కడుపులో బిడ్డకు మంచిది కాదు" అని ఇంటి పెద్దలే మాన్పించారు. ప్రేమతోనే మాన్పించారు, సందేహం లేదు.

మధుమేహం, ఇన్‌ఫెక్షన్లు, అవయవ లోపాలు, కష్టమైన కాన్పు కూడా మృతశిశు జననానికి దారితీస్తాయి. పరీక్షలన్నీ చేసినా కారణం తేలని సందర్భాలు తక్కువేమీ కావు.

అంటే మెడికల్ షాపులో అడిగి తెచ్చుకొనే మాత్రలన్నీ నిరపాయమని కాదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు 20 వారాలు దాటాక బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీసి ఉమ్మనీటిని తగ్గించగలవు. జ్వరానికి, నొప్పికి వైద్యులు సాధారణంగా పారాసిటమాల్ ఇస్తారు, అదీ చెప్పిన మోతాదులోనే. బి.పి. మాత్రలలోనూ ఎనాలాప్రిల్, లోసార్టాన్ గర్భిణికి పనికిరావు; వాటి బదులు లాబెటలాల్ వంటివి ఇస్తారు. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ పిండానికి హానికరం. అలాగని ఏ మాత్రనూ సొంతంగా ఆపకూడదు. గర్భం అని తెలిసిన రోజే వైద్యుల వద్దకు వెళ్లి మార్పించుకోవాలి. 'ప్రవక్త వైద్యం' అని పేరు పెట్టి అమ్మే నూనెలు, కషాయాల సంగతి కూడా వైద్యులకు చెప్పాలి. ఆ పేరుతో జరిగే వ్యాపారం నాకు ఎన్నడూ నచ్చలేదు.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. ఈ హదీసు ఊళ్లోని ఆర్.ఎం.పి.లకే వర్తిస్తుందని మనం అనుకొంటాం. రాసిన మందు మాన్పించడం కూడా వైద్యం చేయడమే కదా!

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. కాళ్ల వాపు, తలనొప్పి, చూపు మసకబారడం, రక్తస్రావం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, తెల్లవారాక చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయాలి. దివిసీమ పల్లెల నుండి పెద్దాసుపత్రికి చేరడానికి పట్టే సమయం మనకు తెలియనిది కాదు.

ఇదంతా అత్తగారి ఎదుటే కోడలికి వివరించాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత అత్తగారే లేచి ఆసుపత్రి కాగితాల ఫైలు బీరువాలో పెట్టారు. మరుసటి కాన్పుకు వైద్యురాలు మొదట అడిగేది దాన్నే.