కూనవరం డోలు

మణుగూరు అనగానే బయటివాళ్లకు బొగ్గు గుర్తొస్తుంది. సింగరేణి గనులు, పక్కనే అశ్వాపురంలో భారజల కర్మాగారం. 2022 జనవరి 25న మాత్రం ఈ మండలంలోని కూనవరం పేరు దేశమంతా విన్నది. (శబరి గోదావరిలో కలిసేచోట ఉన్న కూనవరం వేరు, ఇది మాది.) కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ ప్రకటించారు. అప్పటికి ఆయన అరవైకి దగ్గరపడ్డారు.

ఆయన బడిలో చదువుకున్న మనిషి కాదు. కానీ కోయల వీరగాథలు, వంశాల కథలు ఆయన నాలుక మీదే ఉండేవి. కోయ భాషలోనూ, తెలుగులోనూ పాడేవారు. డోలీలంటే కోయల్లోనే ఒక శాఖ. కోయ గోత్రాల కూటమిని గట్టు అంటారు. మూడో గట్టు మొదలు ఏడో గట్టు దాకా ఏ గోత్రం ఎక్కడిది, దాని మూలపురుషుడెవరు, ఇలవేల్పు ఎవరు అన్నదంతా వాళ్లే గుర్తుపెట్టుకోవాలి. వేల్పుల కొలుపు జరిగితే పడిగె విప్పుతారు. అది బొమ్మలు తీర్చిన పొడవాటి గుడ్డజెండా. డోలు మోగుతుంటే డోలి ఆ వంశం కథ ఎత్తుకుంటాడు. అడవిలో పులుల మధ్య దొరికిన పసిబిడ్డ సమ్మక్క కథను రామచంద్రయ్య అలాగే పాడేవారు. పద్మశ్రీ ప్రకటించిన మూడు వారాలకే, ఫిబ్రవరి 16న, ఆ సమ్మక్క పేరిట జరిగే మేడారం జాతర మొదలైంది.

ఈ కళ ఎలా బతికిందో కూడా చెప్పుకోవాలి. డోలికి జీతం ఉండదు. ఏ వంశం కథ పాడతాడో ఆ ఇళ్లవాళ్లే గింజలో, డబ్బో, పశువో ఇస్తారు. పెట్టినవాళ్ల పెద్దల పేర్లను అతను మళ్లీ వాళ్ల పిల్లల ముందు పలుకుతాడు. నా దృష్టిలో కృతజ్ఞత ఇంతకంటే నిండుగా ఎక్కడా కనిపించదు. ఢిల్లీ రామచంద్రయ్యను గుర్తించకముందు తరతరాలుగా ఈ డోలును నిలబెట్టింది ఆ కోయ కుటుంబాలే. తర్వాత ఆచార్య జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు డోలీల కథలపై శ్రద్ధపెట్టి పనిచేశారు. వాళ్లకు మనమంతా రుణపడి ఉన్నాం.

పద్మశ్రీ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం రామచంద్రయ్యకు కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. అంతకు ఐదేళ్ల ముందు, 2017లో, ఖమ్మం పక్కన రెడ్డిపల్లిలో మొక్కలు నాటిన వనజీవి రామయ్యకు పద్మశ్రీ వచ్చింది. ఆయనకైనా, ఈయనకైనా ఆ గౌరవం చాలా ఆలస్యంగానే అందింది. రామచంద్రయ్య దాన్ని రెండున్నరేళ్లు కూడా అనుభవించలేదు. 2024 జూన్ 23న కన్నుమూశారు.

ఆయన మీద ప్రేమ ఉన్నవాళ్లు విగ్రహం పెట్టాలంటున్నారంటే నేను కాదనను. కానీ నాకు ముందు కావలసింది వేరే. భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఆశ్రమ పాఠశాలల్లో వారానికి ఒక పూట డోలి కళాకారుణ్ని కూర్చోబెట్టాలి. ఆ పూటకు గౌరవవేతనం ఇవ్వాలి. కోయ పిల్లలు తమ గట్టు కథను తమ భాషలోనే వినాలి.