మా గల్లీల పటం విప్పిన రాత్రులు

మన షోలాపూర్‌ల భద్రావతి పేట ఉన్నది. ఆ భద్రావతి ఎవరురా అని మొన్న మా మనవణ్ణి అడిగిన. "ఎవరో నగరసేవిక అయ్యుంటది తాతా" అన్నడు. ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గనిపించింది. చెప్పవలసినోణ్ణి నేనే గదా.

మాకు ఈ కథ బడిలో చెప్పలేదు. కూనపులివాళ్లు చెప్పిన్రు. పద్మశాలీల పురాణం చెప్పుడే వాళ్ల బతుకు. మనవాళ్లు పొట్టకూటికి ఇటు వస్తే, వాళ్లూ తెలంగాణ నుంచి వెనకనే వచ్చేది. మిల్లుల పగార్ అయినంక వస్తుండిరి. రెండో పాళీవాళ్లు ఇల్లు చేరేదాక ఆగి, వేపచెట్టు కింద పటం కట్టి కథ మొదలు పెడుతుండిరి.

ఆ పటం చేర్యాల నకాషీలు గీసేది. నూలుగుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూస్తరు. ఎర్రటి రంగు మీద బొమ్మలు. చుట్ట చుట్టి ఉంటది, కథ నడిచినకొద్దీ ఒక్కొక్క వరుస విప్పుతరు. మార్కండేయుని కొడుకు భావనాఋషి తామరతూడు నారతో దేవతలకు బట్ట నేసుడు, సూర్యుని బిడ్డ భద్రావతితో పెండ్లి, పులి మీద ఎక్కి వచ్చుడు. మా నాయిన మాత్రం బొమ్మలకంటె ముందు గుడ్డ అంచు వేళ్లతో నలిపి చూసేటోడు. "చేమగ్గం నేతనే" అని అప్పుడు కూసుంటుండె. సాలోని బుద్ధి ఎక్కడికి పోతది!

కథ అయినంక ఇంటిపేరు అడిగి, మీది ఫలాన ఊరు అని చెప్పేటోళ్లు. మా తాత ఊరి పేరు నేను మొదలు విన్నది ఆ పెద్దాయన నోట్లనే.

మా మిల్లు మూతపడ్డ యేడు ఒకాయన పటం భుజాన వేసుకొని వచ్చిండు. ఇంట్ల జొన్నలకే కష్టముండె. "ఈసారి వద్దు పెద్దాయనా" అని నేనే అన్న. నీళ్లు తాగి, చుట్ట విప్పకుండనే పోయిండు. మళ్ల మా గల్లీకి ఎవరూ రాలేదు. ఒక్క రాత్రి కూసోబెట్టి, గటక పెట్టి ఉంటే ఏం పోతుండె?

ఇప్పుడు చేర్యాల బొమ్మలు అద్దాల ఫ్రేములల్ల అమ్ముతున్నరు. మంచిదే, గీసేటోళ్లకు పని దొరుకుతున్నది. కాని ఫ్రేము కథ చెప్పదు.

రాఖీ పున్నమికి మార్కండేయుని రథం చూడ మీరంత వస్తరు. రథం పోయినంక గుడి మెట్ల మీద కూసుంట. మనవడు ఫోన్ల రికార్డు చేస్తనన్నడు. భద్రావతి పెండ్లి దాక నాకు యాదికున్నది. పులి ముచ్చట నడుమ నడుమ మరిచిపోయిన. అది యాదికున్న అక్కలు, అన్నలు నా పక్కన కూసోండ్రి.