లైనక్స్ నుంచి మళ్లీ విండోస్‌కి వస్తున్నారా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూసుకోండి

లైనక్స్ ఎలా ఇన్‌స్టాల్ చేయాలో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. తిరిగి విండోస్‌కి ఎలా రావాలో మాత్రం పెద్దగా ఎవరూ చెప్పరు. పెన్‌డ్రైవ్ పెట్టి ఫార్మాట్ కొడితే అయిపోతుంది కదా అని నేనూ అనుకున్నా. ఇచ్చోడలో మా బాబాయి డీటీపీ షాపులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఒక రాత్రంతా పట్టింది. అందులో సగం టైమ్ అనవసరంగా పోయిందే.

ముందు తప్పు నాదే. 11వ తరం ఐ3, 8 జీబీ ర్యామ్ ఉన్న ఆ ల్యాప్‌టాప్ విండోస్ 11తోనే వచ్చింది. షాపులో బ్రాడ్‌బ్యాండ్ లేదు, ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. అప్‌డేట్లకే డేటా అంతా అయిపోతోందని బాబాయి గొణుగుతుంటే, నేను హీరోలా లైనక్స్ మింట్ వేసిచ్చా. ల్యాప్‌టాప్ నిజంగానే ఫాస్ట్ అయింది. డీటీపీ పని పాత డెస్క్‌టాప్‌లో, ఆన్‌లైన్ అప్లికేషన్లు, ఫొటోలు ఇందులో... నాలుగు నెలలు బాగానే నడిచింది. సరిగ్గా పెళ్లిళ్ల సీజన్‌లో డెస్క్‌టాప్ చచ్చిపోయింది. బాబాయి ఫోన్ చేశాడు: "అరేయ్, రేపటికి లగ్గం పత్రికలు ఇయ్యాలె. నీ మింట్‌ల ఫైలు తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే వస్తున్నయ్. జర జల్ది రా."

ఇందులో మింట్ తప్పేం లేదు. చాలా డీటీపీ షాపుల్లాగే బాబాయి కూడా 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లతోనే పని చేస్తాడు. అవి యూనికోడ్ ఫాంట్లు కావు. ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు ఉన్న కోడ్‌ల మీదే తెలుగు తలకట్లు, ఒత్తులు ముక్కలుగా కూర్చి పెట్టారు. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే కింద ఉన్న పిచ్చి గుర్తులే బయటపడతాయి. యూనికోడ్ తెలుగు అయితే మింట్‌లో హాయిగా టైప్ అవుతుంది. మా జిల్లాలో దొరికిన గుంజాల గోండి లిపి కూడా 2018లో యూనికోడ్‌లో చేరింది, నోటో ఫాంట్ వేస్తే లైనక్స్‌లో చక్కగా కనిపిస్తుంది. కానీ కస్టమర్ అన్న పెళ్లి కార్డు తెచ్చి "గిట్లనే కావాలె" అంటే యూనికోడ్ ఏం చేస్తుంది? వైన్‌లో ట్రై చేశా, తెలుగు టైపింగ్ కుదిరించడం నా వల్ల కాలేదు. మీకు ఒకే ఒక్క విండోస్ ప్రోగ్రామ్ కావాలి, ర్యామ్ 16 జీబీ ఉంది అంటే మాత్రం వర్చువల్ మెషీన్‌తో సరిపెట్టుకోండి, మారనక్కర్లేదు. 8 జీబీని రెండు ఓఎస్‌లకు పంచితే రెండూ నత్తలే.

సరే, మారాలనే డిసైడ్ అయ్యారనుకుందాం. మొదట చూడాల్సింది లైసెన్స్. ల్యాప్‌టాప్ విండోస్‌తో వచ్చి ఉంటే కీ మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది, ఫార్మాట్ చేసినా పోదు. లైనక్స్‌లో ఉండగానే సిస్ ఫోల్డర్‌లో ఫర్మ్‌వేర్, అందులో ఏసీపీఐ, అందులో టేబుల్స్ తెరిచి ఎంఎస్‌డీఎం అనే ఫైల్ ఉందేమో చూడండి. ఉంటే అదే ఎడిషన్ వేసి నెట్ కనెక్ట్ చేయగానే యాక్టివేట్ అవుతుంది. తక్కువ రేటుకి డాస్‌తోనో ఉబుంటుతోనో కొన్న ల్యాప్‌టాప్‌లో సాధారణంగా ఈ ఫైల్ ఉండదు, లైసెన్స్ కొనాల్సిందే.

తర్వాత పెన్‌డ్రైవ్. మింట్‌లో ఉన్న ఇమేజ్ రైటర్‌తో విండోస్ ఐఎస్ఓ రాస్తే బూట్ కాదు. నేను రెండుసార్లు రాసి చూశా! పోనీ ఫ్యాట్32 చేసి ఫైళ్లు కాపీ చేద్దామంటే, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, విండోస్ 11లోని ఇన్‌స్టాల్ ఫైల్ ఒక్కటే అంతకన్నా పెద్దది. వెంటాయ్ వేసుకుని ఐఎస్ఓని అలాగే కాపీ చేస్తే పనైపోతుంది. పక్కన ఫ్రెండ్ దగ్గర విండోస్ ఉంటే రూఫస్ ఇంకా సులువు.

బూట్ అయింది, కానీ సెటప్‌లో డిస్క్ కనిపించలేదు! ఎస్ఎస్‌డీ పోయిందనే అనుకున్నా. 11వ తరం ఇంటెల్ నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ వీఎండీ అనే కంట్రోలర్ వెనక ఉంటుంది. లైనక్స్ కర్నెల్‌లో దాని డ్రైవర్ ఉంది కాబట్టి మింట్‌కి ఇబ్బంది రాలేదు. విండోస్ సెటప్‌కి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ మనమే 'లోడ్ డ్రైవర్' దగ్గర చూపించాలి. ఐఎన్ఎఫ్ ఫైళ్లు కనిపించేలా విప్పిన ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి, ఎక్స్ఈ అలాగే పెడితే సెటప్ పట్టించుకోదు. వైఫై డ్రైవర్ కూడా అప్పుడే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

అసలు భయపడింది ఆ తర్వాతే. డిస్క్ కనిపించింది, పార్టిషన్లకి పేర్లు లేవు, సైజులే ఉన్నాయి. లైనక్స్ ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌ని విండోస్ మామూలుగా చదవలేదు. డాక్యుమెంట్స్, పిక్చర్స్ ముందే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశా కదా అని డిలీట్ మీద కర్సర్ పెట్టా. ఎందుకో అనుమానం వచ్చి ఆగి, సెటప్ మూసేసి మళ్లీ మింట్‌లోకి వెళ్లా. బాబాయి అలవాటు ప్రకారం వాట్సాప్‌లో వచ్చిన కస్టమర్ల ఫొటోలు, సర్టిఫికెట్ స్కాన్లు అన్నీ డౌన్‌లోడ్స్‌లోనే ఉన్నాయి! దాచిన ఫోల్డర్లతో సహా హోమ్ ఫోల్డర్ మొత్తం ఎన్‌టీఎఫ్ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌లోకి కాపీ చేయండి, నాలుగు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. ఆ తర్వాతే ఆ డిస్క్‌లోని పార్టిషన్లన్నీ తీసేసి, ఖాళీ స్థలం మీద ఇన్‌స్టాల్ కొట్టండి.

మిగతాది మామూలే. నెట్ అడిగితే ఆండ్రాయిడ్ ఫోన్‌తో యూఎస్‌బీ టెథరింగ్ చాలు. గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తే కంగారు పడొద్దు, లైనక్స్ హార్డ్‌వేర్ క్లాక్‌ని యూటీసీలో ఉంచుతుంది, ఒకసారి సింక్ చేస్తే సరి. విండోస్ 11 24హెచ్2 నుంచి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేస్తే చాలా ల్యాప్‌టాప్‌లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అవుతుంది. రికవరీ కీ అకౌంట్‌లో ఉందో లేదో చూసి రాసిపెట్టుకోండి.

తెల్లారేసరికి అను ఎక్కింది, మధ్యాహ్నానికి పత్రికలు ప్రింటింగ్‌కి వెళ్లాయి. ఇక బాబాయి మొదటి గొడవ, డేటా. వైఫై ప్రాపర్టీస్‌లో ఆ హాట్‌స్పాట్‌కి 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేశా. అలా పెడితే చాలా అప్‌డేట్లు వాటంతట అవి డౌన్‌లోడ్ కావు. అర నిమిషం పని. నాలుగు నెలల క్రితం నాకు ఇది తెలియదని బాబాయికి ఇంకా చెప్పలేదు.