గులాబీ రంగు ఒకటేనంటే నమ్మమాకండి

పోయిన ఎండాకాలం నందిగామ దగ్గర ఒక ఊళ్లో పెళ్లి ఇల్లు. ముందు గదికి పండిన జాంకాయ లోపలి రంగు కొట్టిస్తన్నారు. లేత గులాబీలో కాస్త పసుపు దిగినట్టుండే వెచ్చటి రంగు. మూడు గోడలయ్యేసరికి డబ్బా అయిపోయింది. ఆ కంపెనీ సరుకు దగ్గర్లో దొరకలా. పెళ్లికి నాలుగు రోజులే ఉంది. షాపాయన ‘ఇదీ అదే రంగు, కంపెనీ మారిందంతే’ అని ఇంకో కంపెనీ డబ్బా మిషన్లో కలిపిచ్చాడు. రాత్రి ట్యూబులైటు కింద కొడితే బాగానే కలిసింది. తెల్లారి కిటికీలు తీస్తే నాలుగో గోడ ఊదాకి తిరిగి ఉంది.

ఇంటాయన పెయింటర్ మీద లేచాడు. రెండు రోజుల కూలి కోత, కొత్త డబ్బా ఖర్చు ఆ తమ్ముడి నెత్తినే పడ్డాయి. కలిపిచ్చిన షాపుకి చీమ కుట్టినట్టు కూడా లేదు. పంచాయితీ చెప్పటానికి జగ్గయ్యపేట నుంచి నేను పోయా. ‘నేను చేసిన తప్పేంది అన్నా?’ అనడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నేను కెమిస్ట్రీ చదివినోణ్ణి కాదు. షాపుల్లో మిషన్ల దగ్గర నిలబడి, పాత మేస్త్రీలని అడిగి, దొరికింది చదివి తెలుసుకున్నదే మీకు చెప్తన్నా.

ముందు ఒక మాట. మన మెట్టోళ్లకి రంగుల సంగతి కొత్తేం కాదు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ, గోపయ్య విగ్రహాలు రెండేళ్లకోసారి రంగులేయించుకోటానికి జగ్గయ్యపేటకే వస్తాయి. కాకపోతే మన అమ్మల కాలంలో సున్నంలో జాజు కలిపి, ఒకే గోళెంలో తిప్పి, ఇల్లంతా ఆ రోజే పూసేవాళ్లు. తేడా రావటానికి సందే లేదు.

ఇప్పుడు డబ్బాలో ఉండేది బేస్. లేత రంగులకి ఇది తెల్లటిది, ఆ తెలుపు టైటానియం డయాక్సైడ్‌ది. మిషను దాంట్లో ఎరుపు, పసుపు, నలుపు లాంటి ముద్దరంగుల్ని చుక్కల లెక్కన వదుల్తది. గులాబీకి పడేది కొద్ది చుక్కలే కాబట్టి ఒక్క చుక్క అటూ ఇటూ అయినా కంటికి తెలిసిపోద్ది. ఒక కంపెనీ బేస్ తెలుపు ఇంకో కంపెనీ తెలుపు కాదు. వీళ్ల ఎరుపు ఘాటు వాళ్ల ఎరుపుకి ఉండదు. షేడు కార్డు మీద పేరూ నంబరూ ఏ కంపెనీవి ఆ కంపెనీకే. పక్క కంపెనీ నంబరు కొడితే మిషను ఇచ్చేది దగ్గరి రంగే, అదే రంగు కాదు.

మరి రాత్రి కలిసిన రంగు పొద్దున ఎందుకు విడిపోయింది? అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఒక కంపెనీ ఆ గులాబీని ఇటుకరంగు ఐరన్ ఆక్సైడ్, పసుపు కలిపి తెస్తది. ఇంకో కంపెనీ మెరిసే ఎరుపుతో తెస్తది. ట్యూబులైటులో ఉండే వెలుగుకి రెండూ మన కంటికి ఒకటే. ఎండలో ఉండే వెలుగు వేరు కాబట్టి ఒక్కో ముద్దరంగు ఒక్కోరకంగా తిప్పి కొడతది. దీన్ని మెటామెరిజం అంటారు. వెలుగు మారితే రంగు మారుద్దని ప్రపంచానికి ఎప్పుడో తెలుసు. కంటి చూపుకి, వెలుగుకి 1931లోనే అంతర్జాతీయ కొలతలు పెట్టారు. తెలియంది మన కూలోడికే.

పాత గోడకి కలపాలంటే ఇంకో చిక్కు. మెరిసే ఎరుపుల్లో చాలావాటిని ఎండ తినేస్తది. ఐరన్ ఆక్సైడ్ మాత్రం ఎండకీ సున్నానికీ తట్టుకుంటది. అందుకే మూడేళ్ల నాటి గోడకి కొత్త డబ్బాలో అదే నంబరు తెచ్చినా కలవదు. క్యాలెండర్ వెనక తీసి చూడండి, ఎంత వెలిసిందో తెలుస్తది.

ఏం చెయ్యాలి? గోడ మూల నుంచి రూపాయి బిళ్లంత పెచ్చు తీసి, రంగు కొలిచే స్పెక్ట్రో మిషను ఉన్న షాపుకి పట్టుకుపోండి. అదయినా దగ్గరికే తెస్తది. అట్ట మీద రెండు కోట్లు వేసి ఆరనివ్వండి. పచ్చి రంగుని పట్టుకుని తీర్పు చెప్పొద్దు, ఎమల్షన్ ఆరాక సాధారణంగా ముదురుతది. ఆ అట్టని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు కింద గోడకి ఆనించి చూడండి. మెరుపు రకం కూడా ఒకటే ఉండాలి. మాటు గోడ మధ్యలో వెయ్యొద్దు, మూల నుంచి మూలకి మొత్తం కొట్టండి. మొదలెట్టేటప్పుడే డబ్బాలన్నీ ఒక డ్రమ్ములో కలిపేసుకోండి.

ఇంకోటి. పాత రంగు గీకేటప్పుడు మూతికి మాస్కు కట్టుకోండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు కొట్టిన గోడల దుమ్ములో ఏముందో ఎవరు చూశారు?

బిల్లు కూడా వదలమాకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, సొంత కష్టంతో పొట్ట పోసుకోటానికి సరుకు కొన్నోడు కూడా వినియోగదారుడే. ‘అదే రంగు’ అని షాపాయన అంటే ఆ మాట బిల్లు మీద రాయమనండి. రాయనంటే అది అదే రంగు కాదని అర్థం.

పంచాయితీలో చివరికి ఇంటాయన కూలి ఇచ్చాడు, డబ్బా డబ్బులు ఇవ్వలా. ఆ తమ్ముడు ఇప్పుడు ప్రతి డబ్బా మూత మీది చీటీని, బ్యాచ్ నంబరుతో సహా, పని మొదలెట్టకముందే ఫోన్లో ఫొటో తీసి ఇంటోళ్లకి పంపుతన్నాడు.