వృద్ధులయెడ నిరాదరణ

మెట్‌పల్లిలోని రెవెన్యూ డివిజను కార్యాలయమునకు భూమి తగాదాలతో వచ్చువారు పెక్కుమంది. అక్కడి అధికారి మరియొక విధమగు మొరను కూడ ఆలకింపవలసి యున్నదని మన శ్రోతలలో చాలమందికి తెలియకపోవచ్చును. కన్నబిడ్డలు తమను చూచుట లేదని తలిదండ్రులు పెట్టుకొను మొర అది. 2007లో పార్లమెంటు చేసిన తలిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము ఇందుకై ట్రిబ్యునళ్లను ఏర్పరచినది. మన జిల్లాలలో ఆర్.డి.ఓ. గారే వానికి అధ్యక్షులు.

ఆ గడప వరకు వచ్చువారు ఎందరు? ఇచటనే పరిశోధకుల మాట వినదగియున్నది. వృద్ధులను ఇంటివారే కొట్టుచున్నారను సంగతి వైద్యపత్రికల కెక్కినది 1975లో. బర్‌స్టన్ అను వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నలుకు వ్రాసిన చిన్న లేఖ వలన. 2017లో 28 దేశములకు చెందిన 52 పరిశీలనలను ఒకచో చేర్చి లెక్కించిరి. అరువది యేండ్లు దాటిన ప్రతి వేయిమందిలో 157 మంది ఒక్క సంవత్సర కాలములో ఏదో ఒక దుష్ప్రవర్తనకు గురియైనట్లు తేలినది. దెబ్బలు తిన్నవారు 26 మంది. ఆలనాపాలనా లేక ఉపేక్షింపబడినవారు 42, డబ్బు విషయమున మోసపోయినవారు 68, మాటలతోను బెదరింపులతోను బాధింపబడినవారు 116. చేయి కంటె నోరే ఎక్కువ గాయము చేయుచున్నదన్నమాట.

మన దేశములో 2017-18లో జరిగిన లాసీ సర్వేలో ఇట్టి బాధను చెప్పుకొన్నవారు నూటికి సుమారు అయిదుగురే. ఇది మన సంస్కార ఫలమని సంతోషించుటకు నాకు మనసొప్పలేదు. “నా కొడుకు మంచోడే సారు, పనులల్ల పడి మర్శిపోతడు” అని చెప్పు తల్లి ఏ లెక్కలోనికి వచ్చును? కొడుకు పరువు ఆమెకు తన ఆకలి కంటె పెద్దది.

మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయిన యువకులు వేలకొలది. ఇంట మిగిలినవారు పెద్దలు. ఆ పెద్దలలో ఎందరో తల్లులు బీడీలు చుట్టి పిల్లలను పెంచినవారు. 2014లో ఆరంభమై, 2019లో 2,016 రూపాయలకు పెరిగిన ఆసరా పింఛను వారి పేరనే వచ్చును. కాని పాసుపుస్తకము ఎవరి పెట్టెలో ఉన్నదని అడిగి చూడుడు. వేలిముద్ర ఆమెది, ఖర్చు మరియొకరిది అయినచో దానిని కూడ పరిశోధకులు దుష్ప్రవర్తన క్రిందనే వ్రాయుదురు.

దీనికి వేరు మరియొక చోట నున్నది. వయస్సును బట్టి మనుష్యుని తక్కువ చేయు బుద్ధికి 1969లో అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ ‘ఏజిజం’ అని పేరు పెట్టెను. వయోవివక్ష యని మనము అనవచ్చును. “నీకేమి తెలుసు, ఊరకుండు” అనుటతో అది మొదలగును. (రేడియో ఉన్న ఇండ్లలో మీట త్రిప్పువారెవరో గమనించినను కొంత తెలియును.) విచిత్రమేమనగా పెద్దలే దానిని నమ్ముదురు. “కాటికి కాళ్లు చాపినదానికి కంటి ఆపరేషను ఎందుకు” అను అవ్వ తన చూపును తానే వదలుకొనుచున్నది. ఒహాయో రాష్ట్రములోని ఒక పట్టణమున 660 మందిని పరిశీలించి, 2002లో బెక్కా లెవీ బృందము ప్రకటించిన ఫలితము ఇది: తమ వార్ధక్యమును గూర్చి మంచి భావము గలవారు లేనివారి కంటె సగటున ఏడున్నర యేండ్లు ఎక్కువ జీవించిరి.

ఇక కాగితముల మాట. పొలమో ఇల్లో బిడ్డల పేర వ్రాసి యిచ్చిన పిదప ఆదరణ తగ్గుట ఊరూర వినబడు కథయే. చట్టములోని 23వ సెక్షను ప్రకారము, పోషించు షరతుపై ఇచ్చిన ఆస్తిని, పోషింపనిచో రద్దు చేయింపవచ్చును. ఆ షరతు ఉన్నట్లు చూపవలెనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినది. 2025 జనవరిలో అదే కోర్టు మరియొక తీర్పున ఈ చట్టమును వృద్ధుల మేలు కోరి ఉదారముగా చదువవలెనన్నది. అయినను “నన్ను పోషించు షరతుపై ఇచ్చుచున్నాను” అను ఒక్క వాక్యము రిజిస్ట్రేషను నాడే దస్తావేజులో ఉండుట మేలు. సిగ్గుపడి వదలిన ఆ వాక్యమే తరువాత దొరకదు.

ట్రిబ్యునలు నెలకు 10,000 రూపాయలకు మించకుండ భరణము నిర్ణయించును. నోటీసు అందిన 90 దినములలో తేల్చవలెను. ప్లీడరు అక్కరలేదు. స్వయముగా పోలేనివారి తరపున వారు కోరినవారు అర్జీ పెట్టవచ్చును. సంతానము లేనివారు తమ ఆస్తికి వారసులగు బంధువులను అడుగవచ్చును. కొడుకు దుబాయిలో ఉన్నను సమను పంపు మార్గము చట్టములోనే కలదు. ముందుగా సలహా కావలసినవారికి 14567 అను ఫోను నంబరు ఉన్నది.